మనోళ్ళే కదా, చూసి చెయ్యండి

ఇది కొంచెం పెద్ద రాత. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మేము ఎవరో పాత సభ్యులకు తెలుసు. కొత్తవాళ్ళ కోసం ఒక మాట. మేము బావా బావమరుదులం. 2010 నించి కంప్యూటర్ రిపేరు అంగళ్ళు నడుపుతున్నాము. పెద్దది తిరువళ్ళూరులో, చిన్నది తిరుత్తణిలో. ఒకరం లేనప్పుడు ఒకరం రెండూ చూసుకుంటాము. అందుకే ఈ రాతలో ఎక్కడా నేను అని ఉండదు, మేము అనే ఉంటుంది.

మన సంఘం పిల్లలు ఇద్దరు ముగ్గురు డిప్లొమా ముగించి ఇదే పనిలోకి దిగుతున్నారు. వాళ్ళు వచ్చి అడిగింది మదర్‌బోర్డు గురించి కాదు. "పని వచ్చన్నా, మనుషులతోనే ఎట్లాగో తెలవడంలేదు" అన్నారు. అప్పుడు నోటితో చెప్పింది ఇప్పుడు రాస్తున్నాము. పిల్లలు చదవాలి. కానీ అంతకంటే ముందు పెద్దలు చదవాలని మా కోరిక. ఎందుకంటే ఇన్నేళ్ళలో మాకు అందరికంటే కష్టమైన కస్టమర్లు మనోళ్ళే. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు మామూలు కష్టాలు చెప్తాము.

మా పనిలో రోజూ వినే మాట, "నిన్నటిదాకా బాగానే ఉండేదే!" అది అబద్ధం కాదు. నిజంగానే నిన్నటిదాకా బాగుండి ఉంటుంది. చెడిపొయ్యేది ఏదైనా చెడిపొయ్యే ముందురోజు బాగానే ఉంటుంది కదా. దాని తరువాత వచ్చే మాటే కష్టం. "మీ దగ్గర ఇచ్చినంకే స్పీకరు పలకడంలేదు." స్పీకరు ఆరు నెల్ల ముందే పొయ్యి ఉంటుంది. ఇంట్లో ఎవరూ చూసుకుని ఉండరు. రిపేరయి ఇంటికి పొయ్యాక మిషనును మొదటిసారి కళ్ళు పెట్టి చూస్తారు, అప్పుడు కనబడతాయి గీతలూ పగుళ్ళూ.

దీనికి మేము పట్టుకున్న మందు ఒకటే. మిషను బల్ల మీద పెట్టగానే, కస్టమరు ముందరే, ఒక్క స్క్రూ విప్పక ముందే, చీటీ రాస్తాము. మిషను నంబరు, చార్జరు ఇచ్చారా లేదా, మూత బిజాగిరి విరిగిందా, ఎన్ని స్క్రూలు లేవు, ఏ కీ పనిచెయ్యదు, ఆన్ అవుతుందా. నాలుగు వైపులా ఫోటో తీస్తాము. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చివర్లో అడుగుతాము. "ఇందులో మీకు పోకూడనిది ఏముంది?"

ఆ ప్రశ్న అడిగినప్పుడు మనిషి ముఖం చూడాలి. అప్పటిదాకా రేటు గురించి గొంతు పెంచి మాట్లాడినాయన ఆగిపోతాడు. "పాప పెళ్ళి ఫోటోలు" అంటాడు. "జీయస్టీ లెక్కలు" అంటాడు. "నా థీసిస్ అన్నా, ఇంకెక్కడా లేదు" అంటాడు. ఆయన గొడవ అంతసేపూ మిషను గురించి కాదని అప్పుడు తెలుస్తుంది. మిషను ఇరవై వేలకో ముప్పై వేలకో మళ్ళీ వస్తుంది. లోపల ఉన్నది రాదు. ఆ భయమే కోపంగా బయటికొస్తుంది. పిల్లలూ, మీరు ఈ పనిలో నేర్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. అరిచే మనిషి దేనికి భయపడుతున్నాడో కనుక్కోండి, ఆ తరువాత స్క్రూడ్రైవరు తీయండి.

చీటీ గురించి ఇంకో మాట. అది మన ఊళ్ళ కథ కూడా. తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ గారి తీర్పు ప్రకారం 1959లో సరిహద్దు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1 నించి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు పక్క ఊళ్ళు అటు ఆంధ్రాకు పొయ్యాయి. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. మన ఇళ్ళల్లో తెలుగు మాట అట్లానే ఉంది గానీ, తెలుగు అక్షరం తరం తరానికీ తగ్గుతూ వచ్చింది. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక బళ్ళో తెలుగు చదివే పిల్లలు ఇంకా తగ్గారు.

మొదట్లో మేము ఉత్సాహంగా చీటీ తెలుగులో అచ్చు వేయించాము. నెల్లోపల తెలిసింది, తెలుగులో గలగలా మాట్లాడేవాళ్ళు చీటీ చేతిలోకి తీసుకుని తలకిందులుగా పట్టుకుంటున్నారని. ఇప్పుడు చీటీ తమిళంలో ఉంటుంది. కానీ సంతకం పెట్టించే ముందు దాన్ని మొత్తం తెలుగులో చదివి వినిపిస్తాము. రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు తరువాత వచ్చే రెండు గంటల గొడవను ఆపుతాయి. పొదటూరుపేట నించి వచ్చే ఒక అవ్వ మొదటిసారి విని, "బ్యాంకులో కూడా ఇట్లా చదివి చెప్పినోళ్ళు లేరు సామీ" అనింది. చదవలేనివాళ్ళకు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే మన తలకాయ మనం కాపాడుకున్నట్టు. చదివి వినిపిస్తే వాళ్ళకు కూడా తెలిసి ఇచ్చినట్టు. రెంటికీ తేడా ఉంది.

రెండో కష్టం, "చూడటానికి కూడా దుడ్లా?" నేత ఊళ్ళల్లో ఈ ప్రశ్నకు జవాబు సులభం. పవర్‌లూమ్ ఆగిపోతే ఫిట్టరు వస్తాడు. అర్ధగంట చెవి పెట్టి వింటాడు, ఒక బోల్టు తిప్పుతాడు, కూలీ తీసుకుంటాడు. బోల్టు తిప్పినందుకు కాదు, ఏ బోల్టు తిప్పాలో తెలిసినందుకు అని మీకే తెలుసు. కంప్యూటరు విషయంలో మాత్రం అది మర్చిపోతారు.

ఇంతకూ నేత ఇళ్ళ నించి వచ్చే ల్యాప్‌టాప్‌లకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. "గంటకు ఒకసారి తానే ఆగిపోతుంది, వైరస్" అని తెస్తారు. వైరస్ కాదు. మగ్గం పక్కన గాల్లో తేలే నూలు పీచు ఫ్యాను లోపలికి పొయ్యి, వేడిని బయటికి పంపే సన్నటి రేకుల ముందు చాపలాగా అల్లుకుని ఉంటుంది. గాలి ఆడదు. ప్రాసెసరు వేడి 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి, కాలిపోకుండా మిషను తనంతట తానే ఆగిపోతుంది. ఆ పీచు తీసి, థర్మల్ పేస్టు మార్చితే సరి. ఒకాయన నమ్మలేదు. "వైరస్‌కు కదా నేను ఇచ్చింది, దుమ్ము తీసి దుడ్లు అడుగుతావేంది?" అన్నాడు. ఆ పీచు చాపను పారేయకుండా కవర్లో పెట్టి ఉంచాము, ఇచ్చాము. వేళ్ళతో నలిపి చూసి, "ఇది మా అరవై నంబరు నూలు" అన్నాడు! ఇంక మాట లేదు. అప్పటి నించి తీసిన పాత భాగం ఏదైనా సరే కవర్లో పెట్టి కస్టమరుకే ఇస్తాము. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఇంటికివ్వము. అది నిప్పు, చూపించి మేమే పక్కన పెడతాము.

మూడో కష్టం రేటు. "ఆన్‌లైన్లో ఈ డిస్‌ప్లే తొమ్మిది వందలు తక్కువ చూపిస్తుంది." ఉండొచ్చు. మేము సామాను తెచ్చేది మద్రాసు రిచ్చీ వీధి నించి. తిరుత్తణి నించి లోకల్ బండి ఎక్కితే సెంట్రల్ చేరడానికి రెండు గంటలు. అక్కణ్ణించి చింతాద్రిపేట పక్కన ఆ సందుల్లో తిరిగి, ఒకే చూపున్న నాలుగు డిస్‌ప్లేలలో మన మిషనుకు సరిపొయ్యే పిన్నులున్నది ఏదో వెతికి, అక్కడే వెలిగించి చూసి తేవాలి. పనిచెయ్యకపోతే మళ్ళీ మార్చడానికి పొయ్యేది మేమే. ఆడికృత్తిక రోజుల్లో తిరుత్తణిలో కావిళ్ళ జనం మధ్య స్కూటరు కూడా కదలదు, అయినా "ఈ రోజే కావాలి" అనేవాళ్ళుంటారు. ఇవన్నీ కోపంగా చెప్తే గొడవ అవుతుంది. మేము చీటీ మీద సామాను రేటు వేరే, కూలీ వేరే రాస్తాము. "సామాను మీరే తెచ్చుకోండి, కూలీ ఇంత. కానీ సామాను చెడితే పూచీ మాది కాదు" అని ముందే చెప్తాము. సగం మంది "మీరే తెండి" అంటారు. మిగతా సగం తెచ్చుకుంటారు, అందులో తప్పేమీ లేదు.

ఉచిత ల్యాప్‌టాప్‌ల కాలం గుర్తుందా? ఆ పథకం మొదలైంది మన జిల్లాలోనే, 2011 సెప్టెంబర్ 15న, కాక్కలూరులో. ఆ తరువాత నాలుగైదేళ్ళు మా బల్ల నిండా మూతమీద ప్రభుత్వ ముద్ర ఉన్న మిషన్లే. ఇంట్లో మొదటి కంప్యూటరు అదే అయిన కుటుంబాలు వందలు. ఆన్ చేస్తే విండోస్ కావాలా బాస్ లైనక్స్ కావాలా అని అడిగేది. ఏదో ఒకటి నొక్కి, తెలియని తెర వచ్చేసరికి, "పాడైపోయింది" అని పరిగెత్తి వచ్చేవాళ్ళు. అప్పుడు వచ్చిన అమ్మానాన్నలు ఎవరూ కోపిష్టులు కాదు. ఉచితంగా వచ్చినదాన్ని పిల్ల చెడగొట్టిందంటే బడిలో ఏమంటారో అని భయం. కొందరు మాత్రం ఆ ముద్ర గీకేసి అమ్మిపెట్టమని వచ్చారు. లేదన్నాము. "గవర్నమెంటు మాకిచ్చింది, నీకేంది?" అన్నారు. చదువుకోమని పిల్లకిచ్చింది, అమ్ముకోమని ఇవ్వలేదు, మా చేతులతో ఆ పని చెయ్యము అన్నాము. ఆ బేరాలు పొయ్యాయి. పోనీ.

2015 డిసెంబరు వానలప్పుడు ఇంకో రకం. నీళ్ళు చేరిన ఇళ్ళ నించి మిషన్లు బియ్యం డబ్బాల్లో పెట్టి తెచ్చారు. మిషను లోపలి తడిని బియ్యం పెద్దగా పీల్చదు, మిషనులోకి పిండి పోతుంది అంతే. తడిసిన మిషనును ఆన్ చెయ్యకుండా, చార్జరు పెట్టకుండా, వీలైతే బ్యాటరీ తీసి తెస్తే బతికే అవకాశముంది. ఆరిందా అని చూడటానికి రోజుకొకసారి ఆన్ చేసి చూసుకున్నవే ఎక్కువగా పొయ్యాయి. తడి బోర్డులో కరెంటు పారితే రాగి గీతలు తుప్పు పట్టి తెగిపోతాయి. ఇల్లంతా పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఈ పాఠం ఆ రోజు చెప్పకూడదు. ఆ రోజు వాళ్ళు అరిస్తే విన్నాము. పాఠం ఇప్పుడు చెప్తున్నాము.

ఈ మధ్య కొత్త కోపం విండోస్ 10 మీద. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్టు ముగిసింది. బాగా నడిచే పాత మిషనుకు విండోస్ 11 ఎక్కదంటే, "కొత్తది అమ్మాలని నాటకమాడుతున్నారు" అంటారు. కొన్నేళ్ళ ముందటి ప్రాసెసర్లూ, టీపీయమ్ 2.0 అనే భద్రత చిప్పు లేని మిషన్లూ దాని లెక్కలోకి రావు. ఆ నియమం కంపెనీది. మేము ఆ పరీక్ష చేసే ప్రోగ్రాం వాళ్ళ ముందే నడిపి, తెర చూపిస్తాము. వీలైనవాళ్ళకు లైనక్స్ వేసిస్తాము. మా మాట నమ్మనివాళ్ళు తెర మీద అక్షరం నమ్ముతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మనోళ్ళు.

"ఏమప్పా, మన సంఘమే కదా, చూసి చెయ్యి." ఈ మాటతో మొదలయ్యే పని ఎట్లా ముగుస్తుందో మాకు తెలుసు. చీటీ వద్దంటారు. "మనలో మనకు చీటీ ఏంది?" రేటు అడగరు, మేము చెప్పబోతే చెయ్యి అడ్డం పెడతారు. మిషను అయ్యాక రేటు చెప్తే ముఖం మాడుతుంది. తీసుకోకపోతే మాకు చేతి నించి పోతుంది, తీసుకుంటే "వాడు మనోడి దగ్గర కూడా తీసుకున్నాడు" అని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. వేరే మనిషి కోపం వస్తే ఇంకో అంగడికి పోతాడు, అంతటితో సరి. మనోడికి కోపం వస్తే మూడు ఇళ్ళు మాటలు మానుకుంటాయి.

ఇందులో ఒక చట్టం సంగతి చాలామందికి తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అంటే ఏమిటో చెప్పినచోట, ఉచితంగా చేసిన పని సేవ కిందికి రాదని ఉంది. అంటే రిపేరు మేము ఊరికే చేసిస్తే, అందులో ఏదైనా లోటు జరిగినా ఆ చట్టం కింద అడిగే దారి మీకు మూసుకుపోతుంది. అదే వంద రూపాయలిచ్చి రసీదు తీసుకుంటే, తిరువళ్ళూరు జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు మీకు తెరిచి ఉంటుంది. 5 లక్షల దాకా అక్కడ ఫీజు కూడా లేదు. మా మీద కేసు వేసే దారి మేమే మీకు చూపిస్తున్నాము, నవ్వుకోండి. కానీ ఆలోచించండి. దుడ్లిచ్చినవాడికి అడిగే హక్కుంటుంది. ఊరికే చేయించుకున్నవాడికి మొహమాటమే మిగులుతుంది. పని బాగా లేకపోతే బయటికి చెప్పలేడు, లోపల పెట్టుకుంటాడు, అదే తరువాత పగ అవుతుంది. మనోళ్ళ గొడవలన్నీ ఇట్లా మొదలైనవే.

రెండు సంగతులు చెప్తాము. ఊరు, పేరు చెప్పము.

మొదటిది. సంఘంలో పెద్దమనిషి ఒకాయన. మేము ఎదురుపడితే లేచి నిలబడే వయసు, మర్యాద. ఒకరోజు ఒక ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, "పాస్‌వర్డ్ మర్చిపోయింది, తీసివ్వండి" అన్నారు. మిషను మీద అంటించిన కాలేజీ స్టిక్కరు, పూల బొమ్మలు చూసి, "ఎవరిది మామా?" అని అడిగాము. కూతురిది. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు దాటింది. "ఎవరితో మాట్లాడుతుందో చూడాలి. మీరు తీసివ్వండి, ఇంకెవరికీ తెలియకూడదు" అన్నారు. మేము లేదన్నాము. ఆ పిల్లే తెచ్చి అడిగితే చేసిస్తాము, లేకపోతే లేదు.

ఆయనకు నమ్మకం కాలేదు. మొదట నవ్వారు, తరువాత రేటు పెంచుతామన్నారు, ఆ తరువాత గొంతు పెరిగింది. "నీ కూతురైతే తెలుస్తుంది" అన్నారు. "మనోడని వచ్చాను, బయటోడైతే అర్ధగంటలో చేసిచ్చేవాడు" అన్నారు. ఆ మాట నిజమే అయ్యుంటుంది. మేము ఒకటే చెప్పాము. "మామా, రేపు మీ లెక్కల మిషను మా దగ్గరికి వస్తుంది. మీ తమ్ముడొచ్చి దాన్ని తీసి చూపించమంటే మేము చూపించాలా?" ఆయన మిషను తీసుకుని వెళ్ళిపోయారు.

తరువాతి రెండు సమావేశాల్లో మా వైపు చూడలేదు. ఇప్పటికీ మా అంగడి ముందర పోతారు గానీ ఆగరు. ఆయన వల్ల పొయ్యిన బేరాలు కొన్ని ఉన్నాయి, లెక్క పెట్టుకోలేదు. వాళ్ళింటావిడ మాత్రం తన ఫోను మా దగ్గరికే తెస్తారు. తెచ్చిన రోజు ఏమీ మాట్లాడరు, చీటీ మీద సంతకం పెట్టి పోతారు.

పిల్లలూ, దీనికి చట్టం కూడా ఉంది. పని కోసం మన చేతికొచ్చిన మనిషి సొంత సంగతులను వాళ్ళ ఒప్పుదల లేకుండా, నష్టం చెయ్యాలని బయటపెడితే, ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. కానీ చట్టం లేకపోయినా ఇదే మాట చెప్తాము. ఒక ఆడపిల్ల తన మిషను మన బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఎంత ఆలోచిస్తుందో మేము రోజూ చూస్తున్నాము. అందుకే మా అంగట్లో మిషన్లు తెరలు బయటికి కనబడేలా పెట్టి పని చేస్తాము. కావాలంటే పక్కన కూర్చోమంటాము. పని అవసరాన్ని మించి ఒక్క ఫోల్డరు తెరవము. రిపేరుకు పాస్‌వర్డ్ కావాల్సి వస్తే, పనయ్యాక మార్చుకోమని చెప్పి పంపుతాము.

రెండోది. ఆర్.కె.పేట వైపు ఊరు. నలభై ఏళ్ళాయన, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు గుడ్డలో చుట్టి తెచ్చాడు. కింద పడింది. ఇంకెక్కడో ఇచ్చాడు, వాళ్ళు నాలుగు రోజులు పెట్టి పెట్టి చూసి రాలేదన్నారు. మేము పెట్టగానే టిక్ టిక్ మని శబ్దం. వెంటనే తీసేశాము. ఆ శబ్దం వస్తే లోపల చదివే ముల్లు దెబ్బతిని ఉండొచ్చు. రికార్డు ప్లేటు మీద ముల్లు గీసినట్టే, తిప్పినకొద్దీ ప్లేటు గీరుకుపోతుంది. ధూళి లేని గదిలో విప్పాలి, అది మా అంగట్లో లేదు. మద్రాసులో ల్యాబులున్నాయి, వేలల్లో అవుతుంది, వస్తుందని పూచీ లేదు. ఇంతే చెప్పాము.

ఆయన ఒక గంట అరిచాడు. మమ్మల్ని, ముందు అంగడివాళ్ళను, హార్డ్‌డిస్కు చేసినవాణ్ణి, అందరినీ. "విప్పి చూడు, పోతే పోనీ" అన్నాడు. విప్పలేదు. "మనోడివని వచ్చాను, ఇంతేనా?" అన్నాడు. పోకూడనిది ఏముందని అడిగాము. వాళ్ళ నాన్న గొంతు. ఆ పెద్దాయన ద్రౌపదమ్మ గుడి తిరునాళ్ళలో తెలుగులో భారతం కథ చెప్పేవాడు. చనిపొయ్యే ముందు రెండేళ్ళు కొడుకు ఫోనులో రికార్డు చేసి అందులో పెట్టుకున్నాడు. పదకొండు ఫైళ్ళు. ఫోను ఎప్పుడో మారిపోయింది.

ఆ మాట చెప్పినంక అరుపు ఆగింది. టీ తెప్పించాము. ఆ రోజు మేము విప్పి ఉంటే ఆయన సంతోషంగా ఇంటికి పొయ్యేవాడు, మూడు వందలు మాకు వచ్చేవి, ఆ గొంతు మొత్తం పొయ్యేది. మనోడు కాబట్టి కాదనగలిగాము. కాదని, ల్యాబుకు పోతే ఏమడగాలో కాగితం మీద రాసిచ్చాము. చూడటానికి ఎంత, రాకపోతే ఎంత, ఫైళ్ళ పట్టిక ముందే చూపిస్తారా లేదా అని.

రెండు నెల్ల తరువాత వచ్చాడు. పదకొండింటిలో నాలుగు దొరికాయి. ఒకటి సగంలో తెగిపోతుంది. వాటిని మూడు చోట్ల కాపీ పెట్టించుకున్నాడు, ఒకటి చెల్లెలి ఇంట్లో. కాపీ సరిగా వచ్చిందా అని ఒక ఫైలు పెట్టి చూశాము. అంగట్లో అప్పుడు ఇద్దరు తమిళం కస్టమర్లున్నారు, వాళ్ళూ కదలకుండా విన్నారు. పని కూలీ రాసి రసీదు ఇచ్చాము. ఈసారి ఏమీ అనలేదు, ఇచ్చి పొయ్యాడు.

మనోళ్ళు అన్న మాటకు మా లెక్కలో అర్థం ఇదే. రేటు తగ్గడం కాదు. బయటోడికి చెప్పడానికి మొహమాటపడే నిజం మనోడికి నేరుగా చెప్పగలగడం. "ఇది రాదు." "దీనికి దుడ్లు పెట్టొద్దు, మిషను ముసలిదైంది." "ఇది నీది కాదు, తెరవము." ఈ మూడు మాటలు చెప్పినా మన మధ్య మాట తెగకుండా ఉంటే, అప్పుడు మనం ఒక సంఘం. లేకపోతే డిస్కౌంటు కార్డు.

కాబట్టి పెద్దలకు మా మనవి. సంఘం పిల్లలు రేపు అంగడి తెరుస్తారు. మొదటి బేరం ఉద్దెర పెట్టకండి. సాయం చెయ్యాలంటే పూర్తి కూలీ ఇచ్చి, పని బాగా లేకపోతే ముఖం మీదే చెప్పండి, వీధిలో చెప్పకండి. చీటీ రాస్తానంటే అవమానం అనుకోకండి. నిజంగా ఇచ్చుకోలేని ఇల్లు ఏదైనా ఉంటే, పిల్లల చదువు ఆగే పరిస్థితి ఉంటే, సంఘానికి చెప్పండి. ఆ కూలీ సంఘం నించి ఇద్దాం, రసీదు ఆ ఇంటి పేరునే రాద్దాం. 2020లో బళ్ళు మూసి ఆన్‌లైన్ క్లాసులు నడిచినప్పుడు కొందరు సభ్యులు అట్లానే చేశారు. అప్పుడు ఎవరూ ఎవరి దగ్గరా తల దించుకోలేదు.

పిల్లలకు: కస్టమరు అరిచేటప్పుడు మీరు కూర్చోండి, నిలబడొద్దు. వినండి. రేటు రెండుసార్లు చెప్పొద్దు, ఒకసారే రాయండి. రాత్రి తొమ్మిది దాటినంక గొడవకు జవాబు ఫోనులో ఇవ్వొద్దు, పొద్దున అంగట్లో మాట్లాడండి. తాగి వచ్చినవాడికి మిషను ఇవ్వొద్దు, మర్నాడు రమ్మనండి. చెయ్యి లేపితే అది కస్టమరు గొడవ కాదు, పోలీసు స్టేషను సంగతి, సంఘం మీ వెనక వస్తుంది. ఎవరైనా, "కంప్యూటరులో వైరస్ ఉందని ఫోను వచ్చింది, వాళ్ళు చెప్పిన యాప్ వేశాను, దుడ్లు పొయ్యాయి" అని వస్తే, తిట్టకుండా ముందు ఇంటర్నెట్ తీసేయండి, అప్పుడే వాళ్ళ చేత 1930కి ఫోను చేయించండి. రిపేరు తరువాత.

ఇంకొక సంగతి. మీ ఇంట్లో పోకూడనిది ఏముందో ఈ వారం కూర్చుని చూసుకోండి. అమ్మా నాన్నల గొంతులు, పాత ఫోటోలు, పొలం కాగితాలు. ఒకే చోట ఉంటే ఎక్కడా లేనట్టే లెక్క. వచ్చే ఆదివారం మధ్యాహ్నం రెండు నించి ఆరు దాకా తిరుత్తణి అంగట్లో ఇద్దరం ఉంటాము. కొత్త పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో తెచ్చుకోండి, కాపీ ఎట్లా చేసుకోవాలో మీ చేతనే చేయించి నేర్పిస్తాము. దీనికి కూలీ లేదు, నేర్పడానికి తీసుకోము. రిపేరుకు తెస్తే మాత్రం చీటీ రాస్తాము.